గుడ్లు పెట్టే కోళ్ల ఎముకల ఆరోగ్యం: లేయర్ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడో స్థానం. తణుకు, అనపర్తి చుట్టుపక్కల నుంచి హైదరాబాద్ శివార్ల దాకా ఏ లేయర్ ఫారానికి వెళ్లినా రోజువారీ రిజిస్టర్‌లో గుడ్లు, పగుళ్లు, మేత, చావులు వరుసగా రాసి ఉంటాయి. ఎముకల గురించి మాత్రం ఒక గడి కూడా ఉండదు. కోడి కాళ్లు చాపేసి పడిపోయిన రోజునో, పాత బ్యాచ్‌ను లారీకి ఎక్కించే రోజునో తప్ప వాటి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. పశువైద్యుడిగా షెడ్లకు వెళ్లినప్పుడు రైతులు, సూపర్‌వైజర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఒక గుడ్డు పెంకుకు ఎంత కాల్షియం కావాలి? అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక గుడ్డు పెంకు ఐదున్నర నుంచి ఆరు గ్రాముల బరువు ఉంటుంది. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కాబట్టి, అందులో కాల్షియం సుమారు 2.2 గ్రాములు ఉన్నట్టు. కోడి ఒంట్లో ఉండే మొత్తం కాల్షియం 20 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. అంటే పెట్ట ఒక్కో గుడ్డుకు తన ఒంట్లో ఉన్నదానిలో పదో వంతును బయటికి పంపుతోంది. ఏడాదికి 320 గుడ్లు పెట్టే కోడి పెంకుల రూపంలోనే 700 గ్రాముల కాల్షియం ఇస్తుంది. ఆ కోడి బరువు ఒకటిన్నర కిలో ఉంటుందనుకుంటే, ఆ 700 గ్రాములు దాని బరువులో దాదాపు సగం.

ఈ కాల్షియం మొత్తం చివరికి మేత నుంచే రావాలి. అయితే అది వచ్చే వేళ, పెంకుకు అవసరమయ్యే వేళ ఒకటి కావు. పెంకు కట్టడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట జరుగుతుంది. లైట్లు ఆరిపోయాక కోడి మేత తినదు, తెల్లవారుజాముకు పేగు ఖాళీ అవుతుంది, అప్పటికీ పెంకు పని పూర్తి కాదు. ఆ లోటును కోడి తన ఎముకలను కరిగించి పూడ్చుకుంటుంది. పెంకులోని కాల్షియంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా ఎముకల మీదుగా వచ్చిందే.

అలా కరిగే ఎముక మళ్లీ తయారు కాదా?

తయారవుతుంది, కానీ అన్ని రకాల ఎముకా కాదు. ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు పెట్ట రక్తంలో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. అప్పుడు తొడ ఎముక, పిక్క ఎముక వంటి వాటిలోని బోలులో మెత్తటి గరుకు పదార్థం పేరుకుంటుంది. దీన్ని మెడలరీ ఎముక అంటారు. ఇది కోడి బరువును మోయడానికి ఏర్పడింది కాదు. రాత్రి తీసుకుని పగలు తిరిగి వేసుకునే కాల్షియం నిల్వ ఇది. చిక్కు ఎక్కడుందంటే, ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఎముకను కట్టే కణాలు ఈ మెడలరీ ఎముకనే కడతాయి. బరువు మోసే గట్టి ఎముకను కట్టడం ఆపేస్తాయి. ఎముకను కరిగించే కణాలకు మాత్రం ఆ తేడా లేదు. అవి మెడలరీ ఎముకతో పాటు పక్కనున్న గట్టి ఎముకనూ కొద్దికొద్దిగా తినేస్తాయి. అందువల్ల కోడి ఆపకుండా గుడ్లు పెడుతున్నంతకాలం గట్టి ఎముక పలచబడుతూనే ఉంటుంది. మేత ఎంత బాగా పెట్టినా ఈ అరుగుదలను నెమ్మదించగలం గాని పూర్తిగా ఆపలేం.

మరి మా పెరటి నాటుకోడికి ఈ ఎముకల అరుగుదల ఎందుకు రాదు?

నాటుకోడి ఒక విడతలో పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగుతుంది, తర్వాత పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది. ఆ రోజుల్లో గుడ్లు ఆగిపోతాయి, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, కణాలు మళ్లీ గట్టి ఎముకను కట్టే పనిలో పడతాయి. లేయర్ కోడిలో పొదుగుకు కూర్చునే గుణాన్ని తరతరాల ఎంపికతో తీసేశారు. దానితో పాటే ఎముకకు దొరికే ఆ విరామమూ పోయింది.

పెంకు గట్టిగా ఉంటే ఎముకలు కూడా బాగున్నట్టే కదా?

కాదు. షెడ్లలో నేను ఎక్కువగా వినే పొరపాటు ఇదే. పెట్ట తన ఒంటికన్నా గుడ్డుకే ముందు చూస్తుంది. మేతలో కాల్షియం తగ్గితే పెంకు పాడయ్యేలోపు చాలా రోజులు ఎముకనే కరిగించి గుడ్డుకు పెడుతుంది. తోలుగుడ్లు, పల్చటి పెంకులు కనబడేసరికి నిల్వలు చాలావరకు అయిపోయి ఉంటాయి. పగుళ్ల శాతం చూసి ఎముకల సంగతి తేల్చుకునే రైతుకు కబురు ఆలస్యంగా అందుతుంది.

కోడి ఉన్నట్టుండి కాళ్లు చాపేసి బోనులో పడిపోతోంది. గుడ్డు కూడా బాగానే పెడుతోంది. ఏమిటిది?

దీన్ని కేజ్ లేయర్ ఫెటీగ్ అంటారు. కోళ్లను బోనుల్లోకి మార్చిన తొలి రోజుల్లో, 1950లలో, ఈ జబ్బు గురించి మొదట రాశారు. ఎక్కువగా గుడ్లు ఉచ్ఛస్థాయిలో ఉన్నప్పుడు, అదీ మంచిగా గుడ్లు పెట్టే కోళ్లలోనే కనిపిస్తుంది. కోడి చురుగ్గానే ఉంటుంది, కళ్లు వెలుగుతూనే ఉంటాయి, కానీ లేవలేదు. పక్కకు పడిపోయి ఉంటుంది. నీటి నిపుల్, మేత తొట్టె అందక ఆకలితో, దాహంతో చనిపోతుంది. పక్క కోళ్లు తొక్కడం వల్ల కూడా చనిపోతుంది.

ఇలా చనిపోయిన కోడిని కోసి చూస్తే తరచుగా అండనాళంలో పెంకు కట్టిన గుడ్డు ఉంటుంది. పక్కటెముకలు లోపలికి వంగి, అవి అతికే చోట చిన్న చిన్న పూసల్లాంటి గడ్డలు తగులుతాయి. పిక్క ఎముకను రెండు చేతులతో పట్టుకుని విరిచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కోడి ఎముక టక్కున శబ్దం చేస్తూ విరుగుతుంది. ఈ జబ్బు ఉన్న కోడి ఎముక పచ్చి పుల్లలా వంగుతుంది, లేదంటే చప్పుడే లేకుండా నలిగిపోతుంది. ఒకసారి ఒక షెడ్డులో ఆ ఎముకను సూపర్‌వైజర్ చేతికిచ్చి విరవమన్నాను. విరిచాక ఆయన చాలాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ ఉండిపోయారు, ఆ సాయంత్రమే దాణా మిక్సింగ్ కాగితం తీయించారు.

పడిపోయిన కోడిని వెంటనే బోనులోంచి తీసి, పొట్టు పరిచిన నేల మీద వదిలి, నీళ్లు, మేత, గవ్వ గ్రిట్ (గవ్వల ముక్కలు) ముక్కు దగ్గరే పెట్టాలి. వెన్నెముక విరగకపోతే చాలా కోళ్లు కొద్ది రోజుల్లో లేచి నడుస్తాయి. దాన్ని కల్ (ఏరివేత) కింద రాసేయడానికి తొందరపడకండి. వైరస్ వల్ల వచ్చే మేరెక్స్ వ్యాధిలోనూ కాళ్లు చచ్చుబడతాయి గాని, అందులో తరచుగా ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి ఉంటుంది, కోసి చూస్తే కాలి నరం ఉబ్బి ఉంటుంది. అనుమానం ఉంటే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో ఏది దగ్గరైతే అక్కడికి రెండు మూడు కోళ్లను తీసుకెళ్లి పోస్ట్‌మార్టం చేయించండి. ఊహ మీద మందులు మార్చుకుంటూ పోవడం కన్నా అది చవక.

రొమ్ము ఎముక విరగడం అంటే ఏమిటి? దాన్ని ఎలా గుర్తించాలి?

కోడి ఛాతీ మధ్యలో, పడవ అడుగు దూలంలా ముందుకు పొడుచుకొచ్చి ఉండేది రొమ్ము ఎముక. మిగతా అస్థిపంజరమంతా 12, 13 వారాలకే చాలావరకు పెరిగిపోతుంది. రొమ్ము ఎముక వెనక కొన మాత్రం కోడి గుడ్లలోకి వచ్చాక కూడా చాలా వారాలు మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. ఒకపక్క అది ఇంకా గట్టిపడుతూ ఉండగానే, మరోపక్క పెంకు కోసం కాల్షియం పోతూ ఉంటుంది. అందుకే అన్ని ఎముకల్లోకీ ఎక్కువగా వంగేదీ, పగిలేదీ ఇదే. యూరప్‌లో చేసిన పరిశీలనల్లో గుడ్లు ఆపే వయసుకు మందలో సగానికి పైగా కోళ్లలో ఈ పగుళ్లు కనిపించడం మామూలు. బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే జంతు సంక్షేమ మండలి 2010లో లేయర్ కోళ్ల ఎముకల బలహీనత మీద ప్రత్యేకంగా ఒక అభిప్రాయ పత్రమే వెలువరించింది.

కంటితో చూస్తే ఇది కనబడదు, చేత్తోనే తెలుసుకోవాలి. లైట్లు ఆరాక, కోళ్లు కుదురుగా ఉన్న వేళ ఒక కోడిని తీసుకుని రెక్కలు ఒంటికి ఆనించి చంకలో పెట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య రొమ్ము ఎముక అంచును పట్టుకుని, మెడ వైపు నుంచి తోక వైపుకు మెల్లగా జరపండి. బాగున్న ఎముక గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. వంగినది పాములా మెలిక తిరుగుతుంది. విరిగి అతికినదైతే వేలికి గట్టి బుడిపె తగులుతుంది, ఎక్కువగా వెనక కొనకు దగ్గర్లో. కొత్తగా విరిగినదైతే అక్కడ వేలు పడగానే కోడి ఒళ్లు బిగిస్తుంది, అప్పుడు అక్కడితో ఆపేయండి. 25, 35, 50 వారాల వయసులో వేర్వేరు వరుసల నుంచి ఓ యాభై కోళ్లను ఇలా చూసి రాసుకుంటే, రెండు మూడు బ్యాచ్‌లకల్లా మీ ఫారం పరిస్థితి మీకే అర్థమవుతుంది.

విరిగితే కోడికి నొప్పి ఉంటుందా? మేత తింటూనే ఉంటుంది కదా?

ఉంటుంది. ఈ సంగతి 2013లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో స్పష్టంగా బయటపడింది. రొమ్ము ఎముక విరిగిన కోళ్లకూ, బాగున్న కోళ్లకూ నొప్పి తగ్గించే మందు ఇచ్చి, ఆ మందు ఇచ్చిన చోటును ఏవి ఇష్టపడుతున్నాయో చూశారు. ఎముక విరిగిన కోళ్లు ఆ చోటునే ఎంచుకున్నాయి, బాగున్నవి పట్టించుకోలేదు. నొప్పి లేని జీవికి నొప్పి మందు ఇచ్చిన చోటు మీద ఇష్టం పుట్టడానికి కారణం లేదు. కోడి తన బాధను బయటపెట్టదు, బలహీనంగా కనిపిస్తే ప్రమాదమని దాని స్వభావానికి తెలుసు. తింటోంది కాబట్టి బాధ లేదని అనుకోవడం మన సౌకర్యం కోసమేనని నా అభిప్రాయం.

ఎముకను బలంగా చేయాలంటే ఏ వయసు నుంచి జాగ్రత్త పడాలి?

మొదటి గుడ్డుకు ముందే. గట్టి ఎముక కట్టే పని గుడ్లు మొదలయ్యాక దాదాపు ఆగిపోతుందని పైన చెప్పుకున్నాం, కాబట్టి జీవితమంతటికీ సరిపడే ఎముకను కోడి పెంపక దశలోనే కట్టుకోవాలి. ఆరు నుంచి 12 వారాల మధ్య బరువు ప్రమాణానికి తగ్గితే, తర్వాత ఎంత మేత పెట్టినా కొవ్వు పట్టొచ్చు గాని ఎముకల చట్రం పెరగదు. అందుకే వారం వారం తూకం వేయాలి. సగటు మాత్రమే కాదు, మంద అంతా ఒకేలా ఉందా అన్నదీ చూడాలి. బరువు రాకముందే లైటు గంటలు పెంచి గుడ్లలోకి తోసేస్తే ఎముక అసంపూర్తిగా ఉండగానే అప్పు మొదలవుతుంది.

గ్రోయర్ (పెరిగే దశ) మేతలో ఒక శాతం దాకా ఉండే కాల్షియాన్ని, 16 వారాల ప్రాంతంలో ప్రీ-లే (గుడ్లకు ముందు) మేతతో రెండు, రెండున్నర శాతానికి పెంచుతారు. మెడలరీ ఎముక కట్టే రెండు వారాలకు ఇది అందాలి. తొలి గుడ్లు కనిపించగానే లేయర్ మేతకు మారాలి. ఖర్చు కలిసొస్తుందని ప్రీ-లేను ఎగరగొట్టి గ్రోయర్ మేతతోనే తొలి గుడ్డు దాకా లాగేవారున్నారు. అలా చేస్తే తొలి పదుల గుడ్లకు కాల్షియం గట్టి ఎముకలోంచి పోతుంది, అది మళ్లీ రాదు. తొందరపడి పన్నెండో వారం నుంచే లేయర్ మేత పెట్టడం ఇంకా ప్రమాదం. ఎక్కువైన కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపించే గౌట్‌తో కోళ్లు చనిపోతాయి.

రాతి పొడి (సున్నపురాయి పొడి) వేస్తున్నాం కదా, మళ్లీ గ్రిట్ ఎందుకు?

సన్నటి పొడి పేగులోంచి త్వరగా వెళ్లిపోతుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు కందనకాయలో నిలిచి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతూ పెంకు కట్టే వేళకు కాల్షియం అందిస్తాయి. ఆ మేరకు ఎముక మీద భారం తగ్గుతుంది. ఉచ్ఛస్థాయిలో ఉన్న కోడికి రోజుకు 4 గ్రాములకు పైగా కాల్షియం కావాలి. అందులో సగానికి తగ్గకుండా, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా, గవ్వ గ్రిట్ రూపంలోనో రాతి గ్రిట్ రూపంలోనో ఉండేలా చూడండి. వీలైతే గ్రిట్‌లో కొంత భాగాన్ని మధ్యాహ్నం తర్వాత తొట్టెల్లో విడిగా చల్లండి. ఆ వేళకు కాల్షియం కోసం కోడే వెతుక్కుంటుంది.

గ్రిట్ పేరుతో వచ్చే బస్తాల్లో పొడి ఎంతుందో చూసుకోవడం మర్చిపోవద్దు. ఒక కిలో తూచి రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి రాలినదాన్ని మళ్లీ తూచండి. సరుకు గురించి సరఫరాదారుతో మాట్లాడటానికి ఆ తూకం చాలు.

భాస్వరం, డీ3 విటమిన్ సంగతి?

భాస్వరం లేకుండా ఎముక కట్టదు. భాస్వరం కోసం మేతలో కలిపే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) ధర పెరిగినప్పుడల్లా దాన్ని తగ్గించి, ఫైటేజ్ వేశాం కదా అని ధైర్యపడుతుంటారు. మొక్కజొన్న, సోయా, నూనె తీసిన తవుడులలోని భాస్వరాన్ని ఫైటేజ్ విడదీస్తుంది, నిజమే. అయితే పెల్లెట్ వేడికి, పాత నిల్వకు ఆ ఎంజైమ్ బలం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. భాస్వరం మరీ ఎక్కువైనా పెంకు పాడవుతుంది. డీ3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా పేగు పీల్చుకోదు. ఈ విటమిన్ మొదట కాలేయంలో, తర్వాత మూత్రపిండంలో మారితేనే పనిచేస్తుంది కాబట్టి, వానాకాలపు మొక్కజొన్నలో బూజు విషాలుండి కాలేయం దెబ్బతింటే మేతలో డీ3 ఉన్నా ఫలితం తగ్గుతుంది.

ఎండాకాలంలో ఈ సమస్య ఎందుకు ముదురుతుంది?

రెండు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. వేడికి కోడి మేత తగ్గిస్తుంది. రోజుకు 110 గ్రాములు తినేది 90 తింటే, మేతలో 4 శాతం కాల్షియం ఉన్నా కోడికి అందేది 4.4 గ్రాముల నుంచి 3.6కి పడిపోతుంది. దానికి తోడు నోరు తెరిచి ఎగశ్వాస తీయడం వల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన బైకార్బొనేట్, పనికొచ్చే కాల్షియం రెండూ తగ్గుతాయి. కాబట్టి మార్చి నాటికే మేతలో కాల్షియం శాతాన్ని తినే మోతాదుకు తగ్గట్టు సరిచేయండి, ఎక్కువ మేతను తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయండి. షెడ్డు పైకప్పు మీద తాటాకులో వరిగడ్డో పరిచి స్ప్రింక్లర్లు పెట్టడం ఎముకలకు కూడా మందే.

బోను మంచిదా, నేల మీద వదలడం మంచిదా?

సూటిగా చెప్పాలంటే, బోనులో ఎముక బలహీనపడుతుంది, బయట వదిలితే ఎముక బలపడుతుంది గాని దెబ్బలు తగిలే అవకాశం పెరుగుతుంది. ఎముకకు కదలికే వ్యాయామం. రెక్క విదిల్చడానికి కూడా చోటు లేని కోడికి అది దొరకదు. ఒక ఎ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. మన బోనుల్లో కోడికి దక్కే చోటు మామూలుగా అంతకన్నా తక్కువ. యూరోపియన్ యూనియన్ 1999 నాటి ఆదేశంతో పాత తరహా బోనులను 2012 జనవరి 1 నుంచి నిషేధించి, కూర్చునే దండెం, గూడు ఉన్న బోనుల్లో కోడికి 750 చదరపు సెంటీమీటర్లు ఉండాలంది. అయితే అక్కడే అంతస్తుల షెడ్లలో ఎత్తు నుంచి దిగుతూ దండేలకు గుద్దుకుని రొమ్ము ఎముకలు విరగడమూ ఎక్కువగా చూశారు. అంతస్తుల మధ్య వాలు పలకలు పెడితే పడిపోవడాలు, పగుళ్లు తగ్గాయని కూడా అక్కడి ప్రయోగాల్లోనే తేలింది. అంటే తప్పు స్వేచ్ఛలో లేదు, షెడ్డును కట్టిన తీరులో ఉంది.

మన దగ్గర 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్, జంతువు కదలడానికి తగినంత చోటు లేని బోనులో దాన్ని బంధించడం నేరమని అంటోంది. లేయర్, బ్రాయిలర్ కోళ్ల పెంపకం, రవాణా మీద లా కమిషన్ 2017 జూలైలో తన 269వ నివేదిక ఇచ్చింది. కొత్త షెడ్డు కట్టబోయేవారు, నేటి కనీస కొలతకు కాకుండా పదేళ్ల తర్వాతి కొలతకు తగ్గట్టు కట్టుకోవడం మంచిదని నేను చెబుతుంటాను. ఉన్న షెడ్డులోనే ఏదైనా చేయాలంటే బోనుకు ఒక కోడిని తగ్గించండి. పిల్లలను నేల మీద, చిన్న దండేలతో పెంచడం కుదిరితే అదీ ఎముకకు మేలే.

ఇలాంటి కోళ్ల గుడ్లు తింటే మనిషికి నష్టమా?

కాదు. గుడ్డులోని పోషకాలు ఎముక పగులు వల్ల చెడిపోవు. నష్టం కోడికే.

పాత బ్యాచ్‌ను తీసేటప్పుడు కాళ్లు, రెక్కలు విరుగుతున్నాయి. ఏం చేయాలి?

1989లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, బోనుల నుంచి తీసి వధశాలకు చేర్చిన పాత లేయర్లలో 29 శాతం వాటికి అక్కడ స్పృహ తప్పించే దశకు చేరేసరికే ఒక ఎముకైనా విరిగి ఉంది. మన దగ్గర రాత్రి లోడింగ్‌లో జరిగేది చూసినవారికి ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు. కూలీకి కోడి లెక్కన డబ్బు కాబట్టి అతను ఒక కాలు పట్టి లాగుతాడు, అది బోను తలుపు అంచుకు తగులుతుంది, అలా ఒక్కో చేతిలో నాలుగైదు కోళ్లు తలకిందులుగా వేలాడతాయి. ఏడాదిపాటు పెంకులకే కాల్షియం ఇచ్చి గాజులా అయిన ఎముక ఆ లాగుడుకు ఆగదు.

కోడిని రెండు కాళ్లూ కలిపి పట్టుకుని, రొమ్ము కింద రెండో చేయి ఆనించి, తలుపు పూర్తిగా తెరిచి బయటికి తీయించండి. బోను అంచు పదునుగా ఉంటే దాని మీద ఒక మెత్తటి రబ్బరు పలకో పాత గోనెపట్టో వేయించండి. క్రేటును బోను దగ్గరికే తెప్పిస్తే కోళ్లను చేతిలో వేలాడదీసుకుని షెడ్డు పొడవునా నడిచే పని తప్పుతుంది. కూలీ లెక్క కోడికి కాకుండా గంటకు మాట్లాడుకోండి. లోడింగ్ చివరి వారమని గ్రిట్ ఆపేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది మానేయండి. ఆఖరి గుడ్డు దాకా కోడికి కాల్షియం కావాలి, లారీ ఎక్కే రాత్రి దాని కాళ్లకు మిగిలేది ఆ నిల్వే.